గాజు మీద రంగు: పాత స్నానపు తొట్టిని బాగుచేసుకోవడం

(న్యూజెర్సీలో పాత ఇళ్ళు కొనుక్కున్న తెలుగు కుటుంబాల కోసం ఇచ్చిన ఇంటి మరమ్మతుల ప్రసంగాల్లో ఇది ఒకటి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఖాళీలున్నాయి, వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. కొన్ని వస్తువులు చేత్తో పట్టుకుని చూపించాలి, దగ్గరుంటే మంచిది.

ఇక్కడున్నవాళ్ళలో 1950ల్లో, 60ల్లో కట్టిన ఇల్లు కొన్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం పైనే. మీ స్నానాల గదిలో తొట్టి ఏ రంగు? గులాబి? ఆకుపచ్చ? నీలం? ఆ రోజుల్లో అమెరికా అంతా గులాబి రంగు స్నానాల గదుల మోజు. ఇల్లు కొన్న వారానికి అందరూ అడిగే మాట ఒకటే: "ఈ పాత తొట్టి పీకి పారేద్దామా?" తొందరపడకండి. పీకకుండా కడిగో, పైన కొత్త పూత వేసో బాగుచేసుకోవచ్చు. ఎందుకు తొందరపడకూడదో చెబుతాను.

మీ తొట్టి అసలు ఏమిటి? పోత ఇనుము. దాని మీద పింగాణీ. పింగాణీ అంటే మట్టి పాత్ర అనుకోకండి, అది గాజు. గాజుపొడిని ఎర్రగా కాలిన ఇనుము మీద చల్లితే కరిగి, ఇనుముతో కలిసిపోయి పొరగా నిలుస్తుంది. 1883లో విస్కాన్సిన్ రాష్ట్రంలో జాన్ మైకేల్ కోలర్ అనే ఆయన పశువుల నీళ్ళతొట్టి ఒకటి తీసుకుని, సుమారు 925 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి, దాని మీద పింగాణీ పొడి చల్లాడు. కింద నాలుగు కాళ్ళు పెడితే అదే స్నానపు తొట్టి అయింది. కోలర్ కంపెనీ వాళ్ళు తమ స్నానపు తొట్ల కథ ఇలాగే చెబుతారు. ఇంకో సంగతి: బ్యూయిక్ కార్లు తెలుసుగా? ఆ డేవిడ్ బ్యూయిక్ కార్ల జోలికి వెళ్ళకముందు పోత ఇనుము మీద పింగాణీ ఎక్కించే పనిలోనే ఉన్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నాను? ఒక్క మాట గుర్తుంచుకోవడానికి. మీ తొట్టి పైపొర గాజు. రేపు మీరు గానీ, మీరు పిలిపించిన పనివాడు గానీ దాని మీద వేసేది రంగు. ఎంత గొప్ప పేరు పెట్టి అమ్మినా, ఇపాక్సీ అన్నా, యురేథేన్ అన్నా, అది రంగే. గాజు మీద రంగు. దాన్ని కొలిమిలో కాల్చడం లేదు, ఇనుముతో కరిగించి కలపడం లేదు. పైన అంటిస్తున్నాం, అంతే. అది ఎందుకు పెచ్చులూడుతుంది, ఎందుకు పచ్చబడుతుంది, ఏం పెట్టి కడగకూడదు, అన్నీ ఈ ఒక్క మాటలోనే ఉన్నాయి.

సరే. మొదట మీ తొట్టి దేనితో చేసిందో కనిపెట్టండి. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఉంటుంది కదా, అది తీసుకెళ్ళి పెట్టండి. అంటుకుందా? అయితే లోపల ఇనుమో ఉక్కో ఉంది. ఇప్పుడు వేలి కణుపుతో తట్టండి. మొద్దుగా, రోలు మీద కొట్టినట్టు "ధబ్" మంటే పోత ఇనుము. రేకు డబ్బాలా మోగితే ఉక్కు రేకును అచ్చులో నొక్కి చేసింది. అయస్కాంతం అంటుకోకుండా, అడుగున అరచేతితో నొక్కితే కొంచెం లోపలికి వంగితే ఫైబర్‌గ్లాసో, యాక్రిలిక్కో. ఇది తెలియకుండా సీసా మూత కూడా తీయవద్దు. ఎందుకంటారా? యాక్రిలిక్ మీద అసిటోన్, అదే గోళ్ళ రంగు తుడిచే ద్రవం, పడితే పైపొర కరిగి జిగురవుతుంది. పింగాణీకి అసిటోన్ వల్ల ఏమీ కాదు. పింగాణీ భయపడేది ఆమ్లానికి.

పోత ఇనుము తొట్టి 5 అడుగులది 300 పౌండ్ల పైచిలుకు ఉంటుంది. గోడల మధ్య ఇరికించిన తొట్టి అయితే దాని అంచు మీదికి టైళ్ళు దిగి ఉంటాయి. తొట్టి పీకాలంటే కింది వరసల టైళ్ళు పగలాలి. తొట్టిని సమ్మెటతో ముక్కలు చేసి మెట్ల మీదుగా దించాలి. టైలు పగిలాక గోడ, గోడ తెరిచాక గొట్టాలు. తొట్టి కోసం మొదలైన పని స్నానాల గది మొత్తం కట్టడం దాకా పోతుంది. అందుకే తొందరపడవద్దన్నాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ తొట్టికి పూత కావాలా, మంచి కడుగుడు కావాలా? పూత వేయించుకుందామని బయలుదేరేవాళ్ళలో చాలామందికి పూత అక్కరలేదు. తొట్టిలో కనిపించే వికారం మూడు రకాలు. ఒకటి, నీళ్ళలోని సున్నం కట్టిన తెల్లటి గార. రెండు, తుప్పు మరక. మూడు, పింగాణీయే అరిగి మెరుపు పోవడం. మొదటి రెండూ పైన పట్టినవి, వదులుతాయి. మూడోది గాజుకే తగిలిన దెబ్బ, అది వదిలేది కాదు. ఎలా తెలుస్తుంది? గిన్నెలు తోమే సబ్బుతో బాగా కడిగి, ఆరబెట్టి, టార్చిలైటు పక్కవాటుగా వేసి చూడండి. చేత్తో తడమండి. ఎత్తుగా, గరుకుగా తగిలితే గార. నున్నగానే ఉండి కింద ఎర్రగా కనిపిస్తే తుప్పు నీటి మరక. సబ్బుబిళ్ళ అరిగినట్టు మొద్దుబారి, మురికిని పీల్చుకుంటూ ఉంటే పింగాణీ అరిగింది.

గారకి తెల్ల వెనిగర్ చాలు. కాగితపు తువ్వాలు వెనిగర్‌లో తడిపి, గార ఉన్నచోటే పరిచి, 15 నిమిషాలు ఉంచి, మెత్తటి స్పాంజితో రుద్ది, బోలెడు నీళ్ళతో కడగండి. కానీ ముందు ఒక మూల, కనపడనిచోట, 5 నిమిషాలు పెట్టి చూడండి. బాగా పాత పింగాణీలు ఆమ్లాన్ని తట్టుకునేలా చేసినవి కావు. వాటి మీద నిమ్మరసం కూడా మచ్చ వేస్తుంది. మూలలో మెరుపు తగ్గితే ఆపేయండి. అలాంటి తొట్టికి వంటసోడా, సబ్బు కలిపిన ముద్దే మందు.

తుప్పు మరకకి ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న పొడి వాడతారు. ఇక్కడ దుకాణాల్లో బార్ కీపర్స్ ఫ్రెండ్ అని దొరికేది అదే. తడి చేసి, పూసి, నిమిషం లోపే కడిగేయాలి. రాత్రంతా నానబెడదాం, ఇంకా బాగా వదులుతుంది అనుకోవద్దు. చేతికి రబ్బరు తొడుగులు వేసుకోండి.

ఇక మన అలవాటు ఒకటుంది, అది చెప్పకపోతే ఈ ప్రసంగం దండగ. మన ఊళ్ళలో స్నానాలగది నేల కడగాలంటే యాసిడ్ సీసా. అవునా, కాదా? పోయగానే నురగ వస్తుంది, మరక మాయమవుతుంది, మనసుకి హాయిగా ఉంటుంది. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. టాయిలెట్ గిన్నె కడిగే ద్రవాల్లో చాలావాటిలో ఉండేదీ అదే. తొట్టి పింగాణీ మీద పోస్తే మరకతో పాటు గాజు పైపొరనీ తినేస్తుంది. ఆ రోజు తెల్లగా కనిపిస్తుంది. మర్నాటి నుంచి ఆ గరుకుదనంలో మురికి మునుపటికంటే తొందరగా పడుతుంది. మురికి పట్టింది కదా అని మళ్ళీ యాసిడ్ పోస్తారు. మూడు నాలుగుసార్లకి తొట్టి అయిపోయినట్టే. దయచేసి పోయకండి. ఏ ఆమ్లమైనా సరే, బ్లీచితో మాత్రం కలవనీయకండి. వెనిగరైనా అంతే. క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న గది, తలుపు వేసి ఉంటుంది, ఊపిరి ఆడదు.

కడిగాక తొట్టి బాగానే ఉంది, ఒకటి రెండు చోట్ల మాత్రం పెచ్చు ఊడి నల్లగా ఇనుము కనిపిస్తోంది అనుకోండి. అప్పుడూ మొత్తం పూత అక్కరలేదు. చిన్నప్పుడు ఇంట్లో పింగాణీ గిన్నెలు వాడినవాళ్ళకి తెలుసు, అంచు దగ్గర చిన్న పెచ్చు లేస్తే తుప్పు దాని కింద నుంచి పాకుతూ చుట్టూ పింగాణీని లేపుతుంది. తొట్టిలోనూ అంతే, కాబట్టి ఆలస్యం చేయవద్దు. ఉప్పు కాగితం, అదే శాండ్‌పేపరు, 80 నంబరో 120 నంబరో, చిన్న ముక్క వేలికి చుట్టి ఆ గుంటలోని తుప్పంతా గీకండి, మెరిసే లోహం కనిపించేదాకా. నల్ల చుక్క ఒక్కటి మిగిలినా అక్కడి నుంచే మళ్ళీ మొదలవుతుంది. డీనేచర్డ్ ఆల్కహాలుతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పింగాణీ మరమ్మతుకని రెండు భాగాల ఇపాక్సీ చిన్న ట్యూబుల్లో అమ్ముతారు. రెండూ కలిపి పలచగా వేయండి. గుంట లోతుగా ఉంటే ఒకేసారి నింపేయకండి, రెండు మూడు విడతలుగా, ఒకటి గట్టిపడ్డాక ఇంకోటి. ఒకేసారి నింపితే కుంచించుకుపోయి నడుమ గుంట పడుతుంది. చివరి విడత చుట్టూ ఉన్న మట్టానికి వెంట్రుకవాసి ఎత్తుగా ఉంచి, గట్టిపడ్డాక 400, తర్వాత 600 నంబరు కాగితంతో తడిపి రుద్ది సమం చేయండి. రంగు అచ్చంగా కలవదు, ముఖ్యంగా గులాబి తొట్లలో. కలవకపోయినా తుప్పు ఆగుతుంది, కావలసింది అది.

ఇక మొత్తం పూత. మెరుపు పూర్తిగా పోయింది, ఎంత తోమినా మురికే, అప్పుడు పూత తప్పదు. రెండు దారులు. పనివాళ్ళని పిలిస్తే ఊరిని బట్టి కొన్ని వందల డాలర్లు అవుతుంది, సరిగ్గా చేస్తే పదేళ్ళ దాకా నిలుస్తుంది. డబ్బా కొని చేత్తో వేసుకుంటే ఖర్చు బాగా తక్కువ, మూడు నుంచి అయిదేళ్ళు వస్తుందనుకోండి. నా మాట అడిగితే, ఇంట్లో ఉన్నది ఒకటే స్నానాలగది, రోజూ నలుగురు స్నానం చేయాలి అంటే పనివాళ్ళనే పిలవండి. అతిథుల గదిలోని తొట్టి అయితే మీరు చేసుకోవచ్చు.

పనివాళ్ళని పిలిస్తే ధర ఎంత అని ఆఖరున అడగండి. ముందు నాలుగు ప్రశ్నలు. పాత పూత ఉంటే దేనితో తీస్తారు? గాలి బయటికి ఎలా పంపిస్తారు? పూత పట్టడానికి గాజును ఎలా గరుకు చేస్తారు? నీళ్ళు పోయే జల్లెడ విప్పి చేస్తారా, దాని చుట్టూ టేపు వేసి చేస్తారా? నాలుగో ప్రశ్నకి "విప్పి" అన్నవాడు పని తెలిసినవాడు. ఇల్లు 1978కి ముందుదైతే అయిదో ప్రశ్న: సీసం విషయంలో ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ సర్టిఫికెట్ ఉందా?

మొదటి ప్రశ్న ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఇది శ్రద్ధగా వినండి. పాత పూత ఊడదీయడానికి మిథిలీన్ క్లోరైడ్ అనే ద్రావకం వాడేవారు. దాని ఆవిరి గాలికంటే బరువు. అంటే ఏమవుతుంది? పైకి పోదు, తొట్టిలో నీళ్ళు నిలిచినట్టు నిలుస్తుంది. పనివాడు ఏం చేస్తున్నాడు? తొట్టిలోకి తల వంచి గీకుతున్నాడు. ఆ ఆవిరి మత్తు కమ్మి మనిషిని పడేస్తుంది. పైగా ఒంట్లో కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. 2000 నుంచి 2011 లోపల ఈ దేశంలో తొట్ల పూత పని చేస్తూ కనీసం 13 మంది ఇలా చనిపోయారని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2012లో ప్రకటించింది. నిప్పంటుకుని కాదు, ఎత్తు నుంచి పడి కాదు, తొట్టి పాత పూత గీకుతూ. 2019లో మామూలు జనానికి ఆ రంగు తీసే ద్రావకాలు అమ్మడం నిషేధించారు. 2024లో ఆ నియమాలు ఇంకా బిగించారు. మీ గరాజులో పాత ఇంటివాళ్ళు వదిలేసిన డబ్బాలుంటే చదివి చూడండి. ఆ పేరు కనిపిస్తే వాడకండి, కాలువలో పారబోయకండి, కౌంటీ వాళ్ళు ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే రోజున ఇచ్చేయండి.

ఇంకొకటి. గాజును గరుకు చేయడానికి కొందరు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలిసిన ముద్ద వాడతారు. పని బాగానే చేస్తుంది. కానీ అది చర్మం మీద పడితే అప్పటికప్పుడు మంట ఉండకపోవచ్చు. లోపలికి ఇంకి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది, గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది. ఇళ్ళలో ఎవరూ ముట్టుకోవద్దు. మనకి ఉప్పు కాగితం చాలు. కొన్ని కిట్లలో గాజుకీ రంగుకీ మధ్య పట్టు పెంచే సిలేన్ ద్రవం కూడా ఇస్తారు, ఇస్తే తప్పక వాడండి.

మరి మీరే వేసుకుంటారు. దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా రెండు డబ్బాల ఇపాక్సీ కిట్లు, ఒకటి రంగు, ఒకటి గట్టిపరిచేది. వాసన ఘాటు, ఆవిరికి నిప్పంటుకుంటుంది. కిటికీలో ఫ్యాను గాలిని బయటికి తోసేలా పెట్టండి. గాలిగొట్టాల జల్లెడలు ప్లాస్టిక్‌తో మూసేయండి, లేకపోతే వాసన ఇల్లంతా పంచుతారు. పక్కగదిలో గ్యాసుతో నీళ్ళు కాచే పరికరం ఉంటే ఆర్పేయండి. ముఖానికి వేసుకునేది ద్రావకపు ఆవిర్లను ఆపే గుళికలున్న మాస్కు కావాలి. కోవిడ్ నాటి ఎన్95 దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఎవరో తల ఊపుతున్నారు, ఇంట్లో పెట్టె నిండా ఉన్నాయి కదా. ఆ పెట్టె దీనికి పనికిరాదు. పిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ రెండు రోజులు ఇంట్లో ఉండకూడదు. తుపాకీతో చిమ్మే రెండు భాగాల యురేథేన్ పూతల్లో ఐసోసయనేట్లనే రసాయనాలుంటాయి, ఒకసారి ఒంటికి పడకపోతే జీవితాంతం ఉబ్బసం పట్టుకోవచ్చు. వాటికి బయటి గాలి గొట్టంతో వచ్చే మాస్కు కావాలి. అది పనివాళ్ళకే వదిలేయండి.

ఇప్పుడు అసలు పని. మన ఊళ్ళో ఇత్తడి గిన్నెలకి కళాయి వేయడం ఎంతమంది చూశారు? కళాయి వేసేవాడు తగరం పూయడానికి ఎంతసేపు తీసుకుంటాడు? నిమిషం. దానికి ముందు గిన్నెను ఇసుకతో, కాళ్ళతో తొక్కి తొక్కి తోముతాడు, కాచి నవాసారం చల్లుతాడు. చిలుము మిగిలినచోట తగరం అంటదని వాడికి తెలుసు. తొట్టి పని కూడా అదే. రంగు వేయడం రెండు గంటలు. దానికి ముందు ఒక రోజంతా తోముడు. ఆ రోజు కుదించుకున్నవాళ్ళ తొట్టే ఆరు నెలలకి పెచ్చులూడుతుంది.

మొట్టమొదట కారే కొళాయి బాగుచేయించండి. చుక్క పడుతూ ఉంటే పూత ఆరదు, ఆరినా అక్కడే ముందు పోతుంది. తర్వాత తొట్టికీ గోడకీ మధ్య ఉన్న సిలికాన్ మొత్తం కోసి, గీకి తీసేయండి. మొత్తం అంటే మొత్తం. సిలికాన్ జిడ్డు రవ్వంత మిగిలినా దాని మీద రంగు నిలవదు, చేపకన్నులా గుండ్రంగా తప్పుకుంటుంది. తొట్టి నిండితే పై నీళ్ళు పోయే కంత మీది పలకకి రెండు స్క్రూలుంటాయి, విప్పండి. అడుగు జల్లెడని దాన్ని విప్పే పనిముట్టుతో తిప్పి తీయండి. దశాబ్దాలుగా కదలనిది గనక బిగుసుకుని ఉంటుంది. బలవంతం చేసి కింది గొట్టం మెలితిప్పేయకండి, చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. ఆ నూనె తొట్టికి అంటితే తర్వాత ఇంకా బాగా కడగాలి, అది గుర్తుంచుకోండి.

తోముడు వరస ఇది. ముందు రాపిడి పొడితో తోమి కడగాలి. తర్వాత గార తీసే ద్రవంతో తోమి కడగాలి. ఈ రెంటికీ మధ్య నీళ్ళు ధారాళంగా పోయండి, పొడిలో బ్లీచి ఉంటుంది, ద్రవంలో ఆమ్లం ఉంటుంది, ఇందాక చెప్పాను. ఆ తర్వాత ట్రైసోడియం ఫాస్ఫేటు నీళ్ళతో జిడ్డు తీసి మళ్ళీ కడగాలి. సబ్బు జిడ్డు, నూనె జిడ్డు కంటికి కనపడవు. కనపడదు కదా అని వదలకండి. పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? తొట్టి గోడ మీద నీళ్ళు పోయండి. నీళ్ళు పొరలా పరుచుకుని జారితే శుభ్రమైంది. తామరాకు మీద నీళ్ళలా ముత్యాలు కట్టిందా, జిడ్డుంది, మళ్ళీ తోమండి. దీన్ని మించిన పరీక్ష లేదు.

శుభ్రమయ్యాక ఉప్పు కాగితం. నీటికి తట్టుకునే నల్ల కాగితం, 400 నుంచి 600 నంబరు, తడుపుతూ రుద్దండి. తొట్టి మొత్తం మెరుపు చచ్చి, పలకలా మసకగా కనిపించాలి. మెరిసే మచ్చ ఎక్కడ మిగిలితే అక్కడ పూత ఊడుతుంది. పొడిగా రుద్దవద్దు. పాత పింగాణీలో సీసం ఉండవచ్చు, దుమ్ము లేవకూడదు. తడి బురదని కాగితపు తువ్వాళ్ళతో ఎత్తి సంచిలో వేసి కట్టేయండి, చీపురు పెట్టవద్దు.

ఆ రాత్రికి ఆరనివ్వండి. జల్లెడ కంతలోంచి, టైళ్ళ సందుల్లోంచి మర్నాటి దాకా నీరు ఊరుతుంది. పొద్దున్నే తొందరపడి వేసిన పూత సరిగ్గా అక్కడే బుడగలు లేస్తుంది. కొళాయి మూతికి ప్లాస్టిక్ సంచి కట్టండి, ఒక్క చుక్క కూడా పడకుండా. చివరగా జిగురుబట్టతో దుమ్ము తుడవండి.

గది 70 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన ఉండాలి. చలికాలంలో ఇనుము గదికంటే చల్లగా ఉంటుంది, ముందురోజు నుంచే గది వెచ్చబెట్టండి. రెండు డబ్బాలూ పూర్తిగా కలపండి. సగం ఇవాళ, సగం రేపు అని కంటి అంచనాతో కలిపితే అది ఎప్పటికీ జిగురుగానే ఉంటుంది. డబ్బా మీద రాసినంతసేపు అడుగు గీకుతూ కలపండి. కలిపాక కొన్ని గంటలే టైము, కాబట్టి కలిపే ముందే కుంచె, రోలరు, టేపు అన్నీ సిద్ధంగా ఉండాలి.

మూలలకి, జల్లెడ చుట్టూ కుంచె. మిగతాదానికి నూగు రాలని రోలరు, నూగు పొడవు పావు అంగుళం ఉన్నది. పై అంచుతో మొదలుపెట్టి, గోడవైపు, తర్వాత పక్కలు, ఆఖరున అడుగు. మొదటి పూత పలచగా, పాత రంగు కనపడుతూ, వికారంగా ఉంటుంది. ఉండనివ్వండి! అందరూ తప్పు చేసేది ఇక్కడే. కప్పేద్దామని మందంగా వేస్తారు, నిలువు గోడల మీద కారిపోతుంది. గంట ఆగి రెండో పూత వేస్తే కప్పుకుంటుంది. డబ్బా మీద చెప్పిన గడువు దాటిపోతే మాత్రం మళ్ళీ గరుకు చేశాకే రెండోది. వేసినచోటికి తిరిగి వెళ్ళి దిద్దకండి, సగం ఆరిన ఇపాక్సీ లాక్కుపోతుంది. దుమ్ము పడితే పడనివ్వండి, గట్టిపడ్డాక తీయవచ్చు. టేపు మాత్రం పూత గట్టిపడకముందే, మెల్లగా లాగేయండి.

ఆ తర్వాత మూడు రోజులు నీళ్ళు తగలకూడదు. చేతికి ఆరినట్టు మర్నాడే అనిపిస్తుంది. పైన ఆరింది, లోపల గట్టిపడలేదు. ఇంట్లో ఒకటే స్నానాలగది ఉంటే మొదలుపెట్టకముందే ఆ మూడు రోజులు ఎక్కడ స్నానం చేస్తారో చూసుకోండి.

ఏదైనా తేడా వస్తే పూత పాడైన తీరే కారణం చెబుతుంది. పెద్ద రేకులుగా లేచి, కింద మెరిసే పింగాణీ కనిపిస్తే గరుకు చాలలేదు. గుండ్రటి చిన్న కన్నులు పడితే సిలికానో నూనో. జల్లెడ చుట్టూ మాత్రమే లేస్తే అక్కడ విప్పకుండా వేశారు, లేదా తడి ఉండగా వేశారు. మొత్తం మెత్తగా, గోటికి గుచ్చుకుంటే రెండు భాగాలూ సరిగ్గా కలవలేదు, దానికి మందు లేదు, తీసేయాల్సిందే.

జల్లెడ తిరిగి బిగించేటప్పుడు పింగాణీ తొట్టికి ప్లంబర్ పుట్టీ అనే మెత్తటి ముద్ద వాడవచ్చు, యాక్రిలిక్‌కి వద్దు, మరక వేసి పగుళ్ళు తెస్తుంది, దానికి సిలికాన్. గోడ సందులో కొత్త సిలికాన్ నింపడం మాత్రం, పూత పూర్తిగా గట్టిపడ్డాకే. ఉక్కు, యాక్రిలిక్ తొట్లయితే నీళ్ళు నింపి, ఆ బరువుకి కిందికి దిగినప్పుడు సందు నింపి, ఒక రోజు అలాగే ఉంచండి. ఖాళీ తొట్టికి వేస్తే మొదటిసారి నిండగానే సందు చీలుతుంది. పోత ఇనుము కదలదు, దానికి ఈ తిప్పలు లేవు.

ఇక రోజువారీ వాడకం. ఇక్కడ మన ఇళ్ళ సంగతి వేరు, కంపెనీల కాగితాల్లో ఇవి ఉండవు. మనవాళ్ళు తొట్టిలో బకెట్, చెంబు పెట్టుకుంటారు, పీట వేసుకుంటారు. తప్పేమీ లేదు, అమ్మానాన్నలకి అదే అలవాటు. కానీ స్టీలు బకెట్ అడుగు అంచు పూతను గీరుతుంది. ప్లాస్టిక్ బకెట్ పెట్టండి. ప్లాస్టిక్ పీట కాళ్ళకి రబ్బరు తొడుగులు వేయండి. ఫైబర్‌గ్లాసు తొట్టి అయితే మనిషి బరువంతా ఆ నాలుగు కాళ్ళ మీద పడి అడుగు పగులుతుంది, కాబట్టి కాళ్ళు వెడల్పుగా ఉన్న స్నానపు కుర్చీ కొనండి.

జారకుండా అని గుబ్బల రబ్బరు చాప వేస్తారు కదా, గుబ్బలతో అడుగుని పీల్చి పట్టుకునేది? కొత్త పూతకి దాన్ని మించిన శత్రువు లేదు. లేపిన ప్రతిసారీ పూతను కూడా పైకి లాగుతుంది, కింద నీరు నిలిచి మెత్తబరుస్తుంది. చాలామంది పనివాళ్ళు ఆ చాప వేస్తే గ్యారంటీ చెల్లదనే రాసిస్తారు. మరి పెద్దవాళ్ళు జారితే? రెండో పూతలోనే అడుగు భాగం వరకు గరుకు పొడి కలిపి వేయించుకోండి. గోడ లోపలి చెక్కకి బిగించిన పట్టుకమ్మీ పెట్టించండి. సబ్బు గట్టు మీదున్న కడ్డీని పట్టుకుని లేస్తే అది ఊడి చేతికొస్తుంది.

పసుపు. నలుగు పెట్టిన రోజు, పండగ తలంట్ల రోజు, ఆఖరి మనిషి స్నానం కాగానే వేడినీళ్ళు, గిన్నెల సబ్బుతో కడిగేయండి. పింగాణీ మీద పసుపు నిలవదు. ఇపాక్సీ మీద, యాక్రిలిక్ మీద గంటలు ఉంటే ఇంకుతుంది. ఇంకిన పసుపు ఎండకి వెలుస్తుంది, కిటికీ ఉంటే రెండు మూడు రోజులు తెర తీసి ఉంచండి. గోరింటాకు, జుట్టు రంగు అలా కూడా పోవు, అవి తొట్టిలో కడగవద్దు. నూనె తలంటు తర్వాత ఉండే జిడ్డు మరక వేయదు కానీ కాలు జారుస్తుంది, మురికి పట్టిస్తుంది.

పూత వేసిన తొట్టికి రాపిడి పొడి వద్దు, బ్లీచి వద్దు, పచ్చటి గరుకు స్పాంజి వద్దు, గార తీసే ఆమ్లమూ వద్దు. గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ, వారానికోసారి. షాంపూ సీసాలు అంచు మీద వదలకండి, వాటి అడుగున నీరు నిలిచి గుండ్రటి మచ్చ పడుతుంది.

ఆ వెనక నుంచి అడుగుతున్నారు, హైదరాబాద్ ఫ్లాట్‌లో ఫైబర్ తొట్టి, అడుగు వంగి వెంట్రుకంత పగులు వచ్చింది, పూత వేస్తే సరిపోతుందా అని. సరిపోదమ్మా. పగులుకి కారణం పూత లేకపోవడం కాదు, కింద ఆధారం లేకపోవడం. అడుగు వంగినంతకాలం ఏం పూసినా మళ్ళీ పగులుతుంది. తొట్టి పక్క పలక తీయగలిగితే అడుగు కింద ఉన్న ఖాళీలో సిమెంటు ముద్ద గానీ, తక్కువగా పొంగే నురగ గానీ నింపించండి. ఎక్కువ పొంగేది వాడితే తొట్టినే పైకి లేపుతుంది. అది గట్టిపడ్డాక పగులు చివర్లలో చిన్న రంధ్రాలు వేయించండి, ఇంకా ముందుకు పాకదు. తర్వాత ఫైబర్ గుడ్డ, రెజిన్ వేసి, రుద్ది, ఆ పైన పూత. బోరునీళ్ళ ఊళ్ళో సున్నం ఎక్కువ కాబట్టి స్నానం అయ్యాక పొడిగుడ్డతో ఒకసారి తుడిచేయమనండి, గార కట్టదు, ఆమ్లం అవసరమే రాదు.

ఇంకెవరికైనా సందేహాలుంటే ఇక్కడ బల్ల దగ్గరికి రండి. 400, 600 నంబరు కాగితాలు, పెచ్చు పూడ్చిన ముక్క ఒకటి, రేకులుగా లేచిన పూత ముక్క ఒకటి తెచ్చాను. చేత్తో పట్టుకుని చూడండి.